గుడ్లగూబ యజమానులకు మాత్రమే

ఉదయం తొమ్మిది కొట్టగానే అడ్మిన్ గారు కంప్యూటరు ముందు కూర్చుని తమ రాజ్యంలో ప్రజలు ఎలా ఉన్నారో చూసుకుంటారు. ప్రజలు లేరు. తెర అడుగున ఒక మూల "ఇప్పుడు వేదికలో ఉన్న సభ్యులు: 1" అని ఉంటుంది. ఆ ఒక్కరూ ఆయనే. అయినా కళ్ళద్దాలు తుడుచుకుని, పదకొండు విభాగాలూ ఒక్కొక్కటే తెరిచి, ఎవడైనా తప్పు విభాగంలో ప్రశ్న వేసి పారిపోయాడేమోనని గాలిస్తారు. తప్పు చేసేవాడు కూడా తొంగిచూడని చోట తప్పులు పట్టాలని కూర్చోవడానికి మామూలు ఓపిక చాలదు. ఆ ఓపిక ఆయనకు పుట్టుకతో వచ్చింది.

ఆ చోటు పేరు గుడ్లగూబ యజమానుల వేదిక. గుడ్లగూబ అంటే ఇక్కడ ఒక పాత కారు. ముందువైపు పళ్ళేలంత గుండ్రటి దీపాలు రెండూ, వాటి మధ్య ముక్కులా పొడుచుకొచ్చిన రేకూ ఉండటంతో జనం పెట్టిన పేరది. తయారుచేసిన కంపెనీ నలభై ఏళ్ళ కిందటే మూతబడింది. కంపెనీ వాళ్ళే వదిలించుకున్న బండిని ఏరికోరి ఇంటికి తెచ్చుకుని, దానికి రోజూ స్నానం చేయించే మనుషులు లోకంలో కొన్ని వందలమంది ఉన్నారు. పంతొమ్మిదేళ్ళ కిందట అడ్మిన్ గారు ఈ వేదిక పెట్టినప్పుడు వాళ్ళంతా వచ్చి పడ్డారు. తలుపు మూసుకోవడం లేదని ఒకడు ఏడిస్తే పదిమంది ఓదార్చేవారు. ఎక్కడో పాత సామాన్ల కొట్టులో ఒక అసలైన హారన్ దొరికిందని ఇంకొకడు ఫొటో పెడితే, బిడ్డ పుట్టినంత సంబరంగా నలభైమంది అభినందనలు చెప్పేవారు. గోలగోలగా ఉండేది.

ఆ గోల చూసి అడ్మిన్ గారికి ఒళ్ళు మండేది. ఆయన ముప్పై రెండేళ్ళపాటు ప్రభుత్వ ఆఫీసులో అర్జీలు తిప్పి పంపే సీట్లో కూర్చున్న మనిషి. జతపరచాల్సిన కాగితం లేదని ఒకటి, సంతకం గీత దాటిందని ఒకటి, తిప్పి పంపి తిప్పి పంపి చెయ్యి అలవాటుపడిపోయింది. రిటైరయ్యాక ఆ చెయ్యి ఊరుకుంటుందా? వేదికను బాగుచెయ్యడానికి పూనుకుంది.

మొదటి నిబంధన: ఒకసారి అడిగిన ప్రశ్న మళ్ళీ అడగకూడదు. అడిగితే తాళం పడుతుంది. తాళం కింద అడ్మిన్ గారి వాక్యం ఉంటుంది: "వెతకండి. ఇదివరకే చెప్పారు." రెండో నిబంధన: వేదిక యజమానులకు మాత్రమే. ఏటా రిజిస్ట్రేషను పుస్తకం పేజీ ఫొటో తీసి పెట్టాలి. పెట్టనివాడికి, రద్దయిన పుస్తకం పెట్టినవాడికి కంప్యూటరే ఒక ఉత్తరం పంపి, వారం ఆగి, వాడినీ వాడు రాసినవన్నీ తుడిచేస్తుంది. తనంతట తాను రాజీనామా ఇచ్చి వెళ్ళినవాడి రాతల జోలికి మాత్రం పోదు. ఆ ఉత్తరాన్ని అడ్మిన్ గారు మూడు రోజులు కూర్చుని స్వయంగా రాశారు. మూడో నిబంధన: తొలగించిన ప్రతిదాని చోటా ఎవరు తొలగించారో, ఎందుకు తొలగించారో ఎర్ర అక్షరాల్లో కనబడాలి. దాపరికం ఆయనకు గిట్టదు.

ఇంత చక్కగా బాగుచేశాక జనం ఒక్కొక్కరే రాజీనామా ఇచ్చి జారుకున్నారు. మొదట కొత్తవాళ్ళు, తర్వాత పాతవాళ్ళు, చివరికి ఆయన సొంత బావమరిది. "బ్యాటరీ ఏది వెయ్యాలి?" అని ఆ బావమరిది ఒక ప్రశ్న వేస్తే దానికీ తాళం పడింది. ఆ సాయంత్రమే అతను ఫోన్లో ఒక గ్రూపు తెరిచాడు. ఇప్పుడు అందులో ఆరువందలమంది ఉన్నారట. పొద్దున లేస్తే గుడ్ మార్నింగులు, పువ్వుల బొమ్మలు, అడిగిందే అడగడం, చెప్పిందే చెప్పడం.

"సంత! అది చర్చ కాదు, సంత!" అనేవారు అడ్మిన్ గారు కాఫీ తాగుతూ. "జనానికి వెతుక్కునే తీరిక లేదు. ఎవడో ఒకడు నోట్లో పెట్టాలి."

ఆయన భార్య మందుల షాపు నడుపుతుంది. ఆవిడకు ఈ రాజ్యం మీద బొత్తిగా గౌరవం లేదు.

"రోజుకి నలభైమంది అడుగుతారండీ నన్ను, ఈ మాత్ర తినకముందు వేసుకోవాలా తిన్నాక వేసుకోవాలా అని. డబ్బా మీద రాసే ఉంటుంది. వెతుక్కోండి అంటానా?"

"నీది వ్యాపారం. నాది విజ్ఞానం."

"ఆహా. ఆ విజ్ఞానం ఎవరికి పంచుతున్నారో కాస్త చెప్పండి, విని పోతాను" అని ఆవిడ చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఆయన ఆ మాటను చెవిన పెట్టలేదు.

ఆయనకు అప్పుడు వేరే దిగులు ఉంది. పాత బండ్లకు రెండేళ్ళకోసారి పరీక్ష పెడతారు. ఒకసారి తప్పితే ఇంకో అవకాశం. రెండోసారీ తప్పితే పుస్తకం రద్దు, ఆపైన ఆ బండి రోడ్డెక్కకూడదు. అడ్మిన్ గారి గుడ్లగూబ ఒకసారి తప్పింది. రెండో పరీక్ష శుక్రవారం ఉదయం పదకొండింటికి. ఇవాళ మంగళవారం. జబ్బు స్టీరింగుది. చక్రం అరచెయ్యి వెడల్పు తిప్పినా టైర్లు నిమ్మకు నీరెత్తినట్టు ఉంటున్నాయి. స్టీరింగు కడ్డీ అడుగున బొటనవేలంత ఇత్తడి గొట్టం ఉంటుంది. మెకానిక్కులు బుష్ అంటారు. అది అరిగింది. కంపెనీయే లేనప్పుడు బుష్ ఎక్కడ దొరుకుతుంది?

ఆ బండి ఆయనకు ప్రాణమని చెప్పాలి. అందులో అబద్ధం లేదు. మొదటి జీతం రోజుల్లో ఒక పై అధికారి దిగుతుండగా చూసి, అలాంటి బండిలోంచి ఎప్పటికైనా నేనూ దిగాలి అనుకున్న బండి. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. పుస్తకం రద్దయితే ఆయన యజమాని కాడు. యజమాని కానివాడికి వేదికలో చోటు లేదు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా పుస్తకం తీసి, రద్దు ముద్ర ఇంకా పడలేదు కదా అని చూసుకునేవారు.

సరే, వెతకడం తెలిసిన మనిషి కదా, వెతికారు. స్టీరింగు, బుష్, కొలతలు అని కొడితే ఇరవై ఏడు ప్రశ్నలు వచ్చాయి. మొదటిది తెరిచారు. తాళం. వెతకండి, ఇదివరకే చెప్పారు, ఇదిగో ఇక్కడ అని ఒక లింకు. ఆ లింకు నొక్కితే ఇంకో ప్రశ్న, ఇంకో తాళం, ఇంకో లింకు. ఇరవై ఆరు తాళాలు దాటేసరికి మధ్యాహ్నమైంది. ప్రతి తాళం మీదా ఆయన పేరే. మధ్యలో ఒకచోట ఆయనకే చిరాకేసి "ఎవడీ తలతిక్కవాడు?" అని పైకే అన్నారు కూడా.

ఇరవై ఏడోదానికి తాళం లేదు. పన్నెండేళ్ళ నాటి ప్రశ్న. "బుష్ అరిగింది, ఎవరైనా కొలతలు చెబుతారా?" అని ఎవరో అడిగారు. కింద పద్దెనిమిదిమంది సభ్యులు ఆనందంతో తబ్బిబ్బవుతున్నారు. "మేస్త్రిగారూ, మీ చేతికి దండం, అచ్చు కుదిరింది." "మేస్త్రిగారూ, మీరు చెప్పిన కొలతే, మీరు చెప్పిన ఇత్తడే, స్టీరింగు వెన్నలా తిరుగుతోంది." ఆ ప్రశ్నకూ ఈ దండాలకూ మధ్య, మేస్త్రి చెప్పిన జవాబు ఉండాల్సిన చోట, ఎర్ర అక్షరాలు ఉన్నాయి. "ఈ పోస్టు తొలగించబడింది. తొలగించినవారు: అడ్మిన్. కారణం: యజమాని కాదు."

ఆయనకు గుర్తొచ్చింది. నీళ్ళ ట్యాంకు రోడ్డు చివర లేతు మిషను పెట్టుకున్న మేస్త్రి. గుడ్లగూబ గురించి వచ్చిన ప్రశ్నల్లో సగానికి ఆ మేస్త్రే జవాబు చెప్పేవాడు. సభ్యులు ఆయన్ని నెత్తిన పెట్టుకునేవారు. అడ్మిన్ గారికి అది మింగుడుపడలేదు. ఆరేళ్ళ కిందట రిజిస్ట్రేషను పేజీ పెట్టమని అడిగితే మేస్త్రి పెట్టలేదు. ఎలా పెడతాడు? ఆయనకు కారే లేదు. వారం ఆగాక, ఆ పనిని కంప్యూటరుకు వదలకుండా, అడ్మిన్ గారు చాలా సంతోషంగా తానే మీట నొక్కారు. నాలుగువందల పన్నెండు జవాబులు ఒక్క క్షణంలో పోయాయి. ఆ రోజు ఆయన ఇంకో కాఫీ అడిగి తాగారు.

బుధవారం పొద్దున్నే గుడ్లగూబను నత్తనడకన నడుపుకుంటూ లేతు షాపుకి వెళ్ళారు. పొడుగాటి రేకుల గది, నూనె వాసన, కాలికింద ఉంగరాలు తిరిగిన ఇత్తడి పొట్టు. గోడకు మేకులు, మేకులకు పరికరాలు, ఒక మేకుకి ప్లాస్టిక్ సంచిలో ఫోను. మేస్త్రి మిషను ఆపి, చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. అరవై దాటిన మనిషి, చెవి వెనక పెన్సిలు.

"గుడ్లగూబే కదా సార్? మలుపులో చప్పుడు వినే అనుకున్నా. స్టీరింగు బుష్ పోయింది."

చూడకుండానే జబ్బు చెప్పేశాడు. అడ్మిన్ గారికి ఒక పక్క ప్రాణం లేచొచ్చింది, ఇంకో పక్క పుండు మీద కారం చల్లినట్టయింది.

"శుక్రవారం పరీక్ష ఉంది. పోతే పుస్తకం రద్దు చేస్తారు. ఈలోగా అవుతుందా?" అన్నారు. తానెవరో మాత్రం చెప్పలేదు.

"ఓస్, గంట పని. కొలతలు ఉంటే ఇప్పుడే తిప్పి ఇచ్చేస్తా."

"కొలతలు మీకు తెలియవా?"

"తెలియకేం సార్, నేను కనిపెట్టినవే. స్టీరింగు కడ్డీ అరిగిపోయుంటుంది, అది కూర్చునే గూడూ అరిగిపోయుంటుంది, దేన్ని కొలిచినా తప్పే వస్తుంది. రెండు నెలలు కిందా మీదా పడ్డా. పదకొండు బుష్‌లు పాడుచేస్తే పన్నెండోది కుదిరింది. ఇత్తడిలో ఏది ఎంత కలపాలో కూడా అప్పుడే తేలింది." మేస్త్రి పెన్సిలు తీసి చెవి గోక్కున్నాడు. "మా షాపు చూస్తున్నారుగా, కాగితం పెడితే వారానికి నూనె తాగేస్తుంది. అందుకని ఇంటర్నెట్టులో వీళ్ళకో వేదిక ఉంటే అందులో రాసి పెట్టా. అక్కడైతే ఎప్పటికీ పోదు కదా అని. ఎప్పుడు కావాలన్నా అందులోనే చూసుకుని చేసేవాణ్ణి."

అడ్మిన్ గారికి కాళ్ళ కింద పొట్టు గుచ్చుకుంటున్నట్టుంది. కదల్లేదు.

"తర్వాత ఆ సైటు పాడైపోయింది సార్" అన్నాడు మేస్త్రి. "ఎన్నిసార్లు నొక్కినా లోపలికి వెళ్ళనివ్వలేదు. ఆ మెయిలూ అదీ మా అల్లుడిది, వాడు ఉద్యోగం మీద వేరే ఊరు పోయాడు, నాకేమో అవేవీ తెలీవు. పాపం, ఎవరు నడిపేవారో గానీ, ఎంత కష్టపడి పెట్టుంటారు! అన్నీ పోయుంటాయి."

ఇక్కడ చెప్పెయ్యాల్సింది. ఏ మాత్రం వెన్నెముక ఉన్నవాడైనా చెప్పేవాడు. అడ్మిన్ గారు నీళ్ళు నమిలి, "అవునవును, సర్వరు పోయిందట" అన్నారు.

"అదే అనుకున్నా. ఉండండి, గ్రూపులో అడుగుతా. పద్దెనిమిదిమందికి అచ్చు కుదిరింది. ఎవరో ఒకరు రాసుకుని ఉంటారు."

వద్దని అడ్మిన్ గారు నోరు తెరిచేలోపే మేస్త్రి ప్లాస్టిక్ సంచిలోంచి ఫోను తీసి, గుమ్మంలో ఉన్న బండిని ఫొటో కొట్టి, ఫోనులోకి గట్టిగా మాట్లాడి పంపేశాడు. "ఈ సారు చాలా పెద్దాయన, శుక్రవారం పరీక్ష ఉందట, పాపం బుష్ కొలతలు ఎవరి దగ్గరన్నా ఉంటే పెట్టండి." ఆ "పాపం" అనే మాట రెండుసార్లు వినాల్సొచ్చింది, పంపేముందు మేస్త్రి ఒకసారి వినిపించి సరిచూసుకున్నాడు కాబట్టి.

రెండు నిమిషాలు కాలేదు. ఫోను కిచకిచలాడింది. మేస్త్రి కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివాడు. అడ్మిన్ గారి బావమరిది రాశాడు.

"అరెరే, అది మా బావగారి బండి! అడ్మిన్ గారు స్వయంగా వచ్చారా మన సంతకి? బావగారూ, వెతకండి. ఇదివరకే చెప్పారు. ఇదిగో మీ వేదికలోనే మేస్త్రిగారు పెట్టారు, చూసుకోండి."

కింద లింకు. దాని కింద ఆరువందలమందిలో అప్పుడే నలభైమంది నవ్వుతున్న మొహాలు. బావను ఆటపట్టించడం బావమరిది హక్కు. అతనికి అంతకుమించి ఏ దురుద్దేశమూ లేదు. వేదిక వదిలి ఎన్నేళ్ళో అయింది, ఆ లింకు లోపల ఏమైందో అతనికేం తెలుసు?

"అడ్మిన్ అంటే మీరేనా సార్!" మేస్త్రి మొహం విప్పారింది. "ముందే చెప్పొచ్చు కదా! అయితే సైటు మళ్ళీ బాగయిందన్నమాట" అంటూ లింకు మీద వేలు పెట్టాడు.

"అది... కాదు, మేస్త్రిగారూ, అక్కడ..." అన్నారు అడ్మిన్ గారు. పన్నెండేళ్ళలో ఆయన నోట మేస్త్రి పక్కన గారు రావడం ఇదే మొదలు.

తెర తెరుచుకుంది. మేస్త్రి చదివాడు. ఎర్ర అక్షరాలు పెద్దవిగానే ఉన్నాయి, చదవడం కష్టం కాలేదు. ఒకసారి లోపల చదువుకుని, రెండోసారి పైకి చదివాడు. "తొలగించినవారు, అడ్మిన్. కారణం, యజమాని కాదు."

ఫోను మళ్ళీ కిచకిచలాడింది. ఇంకెవరో కూడా లింకు తెరిచినట్టున్నారు. మేస్త్రి చూడలేదు. దాన్ని సంచిలో పెట్టి, సంచిని మేకుకి తగిలించాడు.

"ఓహో" అన్నాడు. "పాడవలేదన్నమాట."

అడ్మిన్ గారు ఏదో మొదలుపెట్టారు. నిబంధన అందరికీ ఒకటేననీ, తనకు వ్యక్తిగతంగా ఏమీ లేదనీ, పుస్తకం పేజీ పెట్టమని మూడుసార్లు గుర్తుచేశాననీ. ఆ ముప్పై రెండేళ్ళ సీట్లో ఆయన ఎదురుగా నిలబడి ఎంతమంది ఇలాగే నసిగారో, ఆ గొంతులన్నీ ఇప్పుడు ఆయన గొంతులోంచి వస్తున్నాయి.

"నిజమే సార్, నాకు బండి లేదు" అన్నాడు మేస్త్రి. గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది. "బండి వదిలి వెళ్ళండి. చేస్తాను. కానీ శుక్రవారానికి అవదు. అందరూ నాలాగే ఆ లింకునే నమ్ముకున్నట్టున్నారు, విడిగా ఎవరూ రాసుకోలేదు. మళ్ళీ పదకొండు పాడుచెయ్యాలి."

"ఎవరి బండిలోంచైనా ఒకటి తీసి కొలిస్తే?"

"ఒకసారి ఎక్కిస్తే పగలగొట్టకుండా రాదు సార్. మీకోసం వాళ్ళ స్టీరింగు ఎవరు పగలగొట్టుకుంటారో అడిగి చూడండి, గ్రూపులో." మేస్త్రి వెళ్ళి మిషను వేశాడు. ఆ చప్పుడులో ఇక ఎవరి మాటా ఎవరికీ వినబడదు. అడ్మిన్ గారు గ్రూపులో అడగడానికి మొహం చెల్లక, అరిగిన బుష్‌తోనే బండిని వెనక్కి తీసుకొచ్చారు.

శుక్రవారం పరీక్ష అయిదు నిమిషాల్లో అయిపోయింది. పరీక్ష చేసే అమ్మాయి స్టీరింగు పట్టుకుని అటూ ఇటూ ఊపి, కాగితం మీద ఒక గీత పెట్టింది. ఆయన బతిమాలబోయారు. "మేడమ్, పది రోజులు గడువిస్తే..." ఆ అమ్మాయి తలెత్తకుండా, "గోడ మీద రాసుంది కదండీ, చదువుకోండి" అంది. పుస్తకం మీద ముద్ర పడింది. గుడ్లగూబ ఇంటికి తాడు కట్టించుకుని వచ్చింది. దారిలో అందరూ ఆగి చూశారు, అంత అందమైన బండిని ఎందుకు లాక్కుపోతున్నారా అని.

సోమవారం ఉదయం తొమ్మిదింటికి అడ్మిన్ గారు యథాప్రకారం కూర్చున్నారు. ఆ ఏటి పేజీ పెట్టడానికి ఆదివారంతో గడువు అయిపోయింది. ఆయనకు ఒక ఉత్తరం వచ్చి ఉంది. భార్య షాపుకి బయల్దేరుతూ, ఆయన అలా బిగుసుకుపోయి ఉండటం చూసి దగ్గరికొచ్చింది.

"ఎవరండీ?"

ఆయన తెరను కాస్త ఆవిడ వైపు తిప్పారు. ఆవిడే వంగి చదివింది.

"అయ్యా, మీ వాహనపు రిజిస్ట్రేషను చెల్లుబాటులో లేదు గనుక మీరిక యజమాని కారు. యజమాని కానివారి జ్ఞానంతో ఈ వేదికకు పని లేదు. వారం రోజుల్లో మీ సభ్యత్వమూ, మీరు ఇంతవరకు రాసినవన్నీ తొలగించబడతాయి. సందేహాలుంటే అడ్మిన్‌ను సంప్రదించండి."

మూడు రోజులు కూర్చుని చెక్కిన వాక్యాలు. ఒక్కదాంట్లోనూ దూరడానికి సందు లేదు. మేస్త్రికీ ఇదే ఉత్తరం వెళ్ళింది, ఆయన అల్లుడి మెయిలుకి. అది ఎవరూ చదవలేదు. దీన్ని అందుకున్నవాళ్ళలో పూర్తిగా చదివిన మొదటి మనిషి తానేనని అడ్మిన్ గారికి తోచింది. మీట నొక్కి గడువు మార్చుకోవచ్చు, తాళాలన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి. చెయ్యి మీట దాకా వెళ్ళి ఆగిపోయింది. నిబంధన అందరికీ ఒకటేనని మొన్ననే ఒకరితో అన్నారు కదా, సిగ్గనేది ఆలస్యంగానైనా వచ్చింది.

భార్యకు నవ్వొచ్చింది, ఆయన మొహం చూసి ఆపుకుంది.

"ఆయనెవరో సంప్రదించమంటున్నాడు కదా. ఒక ముక్క రాసి చూడండి, కనికరిస్తాడేమో."

అడ్మిన్ గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"లాభం లేదు" అన్నారు. "వాడు వినే రకం కాదు."